సబ్బులాంటిది వేస్తే ఈస్ట్ చచ్చిపోదా?

ప్రశ్న: మొక్కజొన్న చొప్పని యాసిడ్‌లో వేడి చేసి, వచ్చిన చక్కెర నీళ్లలో ఈస్ట్ కలిపితే ఎంతసేపున్నా పులియట్లేదండీ. సర్ఫాక్టెంట్‌తో విషాలు లాగేయొచ్చని సీనియర్లు అంటున్నారు, కానీ అది సబ్బు జాతే కదా, ఈస్ట్‌ని చంపదా?
– ఓ బయోటెక్ విద్యార్థి

జవాబు: ఈస్ట్‌ని అనుమానించే ముందు ఆ నీళ్లని అనుమానించండి. వేడి, యాసిడ్ ఎక్కువైతే జైలోజ్ అనే చక్కెర కాస్తా ఫర్ఫ్యూరాల్ అవుతుంది, గ్లూకోజ్ హెచ్ఎంఎఫ్ (హైడ్రాక్సీమిథైల్ ఫర్ఫ్యూరాల్) అవుతుంది, చొప్ప గోడల్లోని హెమీసెల్యులోజ్ అసిటిక్ యాసిడ్ వదుల్తుంది, చొప్పకి గట్టిదనమిచ్చే లిగ్నిన్ విరిగి ఫినాల్స్ దిగుతాయి. మీ సీనియర్లు చెప్పే విషాలు ఇవే. ఫర్ఫ్యూరాల్ కొంచెమే ఉంటే ఈస్ట్ దాన్ని ఫర్ఫ్యూరిల్ ఆల్కహాల్‌గా మార్చేసుకుని ఆ తర్వాత పెరగడం మొదలెడుతుంది, అందుకే లేటు, మరీ ఎక్కువుంటే ఇక లేవదు.

ఇక సర్ఫాక్టెంట్ సంగతి. ఇక్కడ వాడేది విద్యుదావేశం (ఛార్జి) లేని రకం, ఉదాహరణకి ట్రైటాన్ ఎక్స్-114. చల్లగా ఉన్నప్పుడు నీళ్లలో తేటగా కలిసిపోతుంది, సుమారు 23 డిగ్రీలు దాటాక పాలలా తెల్లబడి, కాసేపు కదపకుండా ఉంచితే రెండు పొరలుగా విడిపోతుంది (ఉప్పులుంటే ఇంకా తక్కువ వేడికే). నీళ్లంటే పెద్దగా పడని ఫినాల్స్, కొంత ఫర్ఫ్యూరాల్ సర్ఫాక్టెంట్ ఎక్కువున్న చిక్కటి పొరలోకి పోతాయి, చక్కెరకి నీళ్లే ఇష్టం కాబట్టి చాలావరకు ఇవతలే ఉండిపోతుంది. ఈస్ట్‌ని ఈ చక్కెర పొరలోనే వేస్తాం.

మీ భయం మాత్రం ఉత్తిది కాదు, ఈ పొరలో కూడా కాస్త సర్ఫాక్టెంట్ మిగులుతుంది. అందుకని మామూలు గ్లూకోజ్ నీళ్లలో అంతే సర్ఫాక్టెంట్ వేసి విడిగా ఒక ఫ్లాస్క్ పెట్టండి, అందులో పులిస్తే దాని తప్పేం లేనట్టే. ఇంకోటి, అసిటిక్ యాసిడ్ సర్ఫాక్టెంట్‌కి సరిగ్గా దొరకదు, నీళ్లలోనే కూర్చుంటుంది. పీహెచ్ 4.76 కంటే కిందుంటే అందులో సగానికి పైగా అయాన్లుగా విడిపోకుండా ఉండి కణంలోకి దూరిపోతుంది, కాబట్టి 5.5 దాకా పెంచి చూడండి.

నన్నడిగితే ముందు వేడి, యాసిడ్ తగ్గించి చూడమంటాను, పుట్టని విషాన్ని తీసే పనే ఉండదు కదా. విషాలు తీయడానికి సున్నం వేయడం చవకే గానీ కొంత చక్కెర పోతుంది, జిప్సం బురద మిగులుతుంది. ట్రైటాన్‌కీ చిక్కుంది, ఆ కుటుంబం మీద యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి ఆంక్షలున్నాయి, పైగా వాడింది తిరిగి రాబట్టుకోకపోతే పెద్ద ఎత్తున గిట్టుబాటు కాదు.

అన్నట్టు, చొప్పలోని సెల్యులోజ్‌ని ఎంజైమ్‌తో చక్కెరగా విరిచే దశలో ట్వీన్ 80 అనే ఇంకో సర్ఫాక్టెంట్ వేస్తారే, అది వేరే కథ. అది లిగ్నిన్‌ని కప్పేసి, సెల్యులేజ్ అనే ఆ ఎంజైమ్ లిగ్నిన్‌కి అంటుకుని వృథా కాకుండా చూస్తుంది, విషాలు లాగడానికి వేసేది కాదు.