మనం చూసే ప్రపంచం నిజంగా అలాగే ఉందా, లేక మెదడు మనల్ని మోసం చేస్తోందా?

ప్రశ్న బాగుంది కానీ, 'మోసం' అనే మాట దగ్గరే నాకు పేచీ. నేను సైన్సు చదివినవాణ్ణి కాను, బీకాం. తాడేపల్లిగూడెం దగ్గర ఓ రైసు మిల్లులో ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. నాలుగేళ్ల కిందట ఓ తెల్లవారుజామున మా పడగ్గది నా చుట్టూ గిర్రున తిరిగింది. అప్పట్నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను. ఆ అనుభవంతోనే జవాబు రాస్తున్నా.

నాలుగున్నరకి మెలకువ వచ్చి కుడివైపుకి ఒత్తిగిల్లాను. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాత ఫ్యాను, ట్యూబులైటు, గోడ మీద క్యాలెండరు అన్నీ ఒకేసారి బయల్దేరాయి. మంచం పట్టీ గట్టిగా పట్టుకున్నాను. కళ్ళు మూసుకుంటే తగ్గుతుందేమో అనుకుంటే, ఈసారి గది ఆగి మంచంతో సహా నేను తిరగడం మొదలెట్టాను. "లే, లే, భూకంపం" అని మా ఆవిణ్ణి తట్టి లేపాను.

ఆవిడ లేచి కూచుని, "భూకంపమేంటండీ, గ్లాసులో నీళ్ళు కూడా కదల్లేదు" అంది.

స్టూలు మీద రాత్రి పెట్టుకున్న నీళ్ళ గ్లాసు ఉంది. అది నాకు పక్కకి జారిపోతూ కనిపిస్తోంది, అందులో నీళ్ళు మాత్రం తొణకడం లేదు. ఇంకో చిత్రం కూడా అప్పుడే గమనించాను. ఫ్యాను అలా జరిగిపోతూనే ఉంది కానీ ఎక్కడికీ పోవడం లేదు. జరుగుతోంది, ఉన్నచోటే ఉంది. భయంలోనూ ఇదేం లెక్క అనిపించింది. అర నిమిషంలో అంతా ఆగిపోయింది. చెమటలు, వాంతి మాత్రం తర్వాత చాలాసేపు ఉన్నాయి.

మా అమ్మ "పైత్యంరా, మధ్యాహ్నం పూట టీలు మానెయ్" అంది. పక్కింటివాళ్ళు దిష్టి తీయించమన్నారు. మొదట చూపించుకున్న డాక్టరుగారు మెడ ఎముకలు అరిగాయని కాలరు పెట్టించి మూడు వారాలు మాత్రలిచ్చారు. ఆ కాలరుతో మిల్లుకి వెళ్తే హమాలీలు "ఏం సారూ, బస్తా ఎత్తారా?" అని నవ్వారు. ఒత్తిగిలితే గది మాత్రం తిరుగుతూనే ఉంది.

చివరికి రాజమండ్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన స్కానింగులేవీ రాయలేదు. నన్ను బల్ల మీద కూచోబెట్టి, తల కుడివైపుకి తిప్పి, తల బల్ల అంచు దాటి కిందికి వేలాడేలా గభాలున వెనక్కి పడుకోబెట్టారు. "కళ్ళు మూయకండి, నా వంక చూడండి" అన్నారు. రెండు మూడు సెకన్లాగి గది మొదలైంది. పక్కన నిలబడ్డ మా ఆవిడ వంగి చూసి, "అయ్యో, ఈయన కళ్ళు నిజంగానే తిరుగుతున్నాయండీ" అంది.

కళ్ళు తిరుగుతున్నాయని పుట్టినప్పటి నుంచీ అంటున్నాం. అదేదో మాటవరసకి అంటామనుకున్నాను. కాదు. నా కనుగుడ్లు మెల్లగా ఓ పక్కకి జారి, చటుక్కున వెనక్కి ఎగురుతున్నాయట. మళ్ళీ జారడం, మళ్ళీ ఎగరడం. ఫ్యాను జరుగుతూనే ఉన్నచోట ఉండటానికి కారణం అదే. జారేటప్పుడు ప్రపంచం కదిలినట్టు కనిపిస్తుంది, వెనక్కి ఎగిరే ముక్క మెదడు మనకి చూపించదు.

డాక్టరుగారు చెప్పింది నా మాటల్లో చెప్తాను. లోపలి చెవిలో ఒక్కో వైపు మూడేసి అర్ధవృత్తాకారపు గొట్టాలుంటాయి, వాటినిండా ద్రవం. తల తిరిగితే ద్రవం వెనకబడుతుంది, దాన్ని అక్కడి సన్నటి రోమకణాలు పసిగట్టి మెదడుకి కబురు పంపుతాయి. ఈ గొట్టాల పక్కనే రెండు చిన్న సంచుల్లో జిగురుకి అంటుకుని, కంటికి కనపడని సున్నపు స్ఫటికాలుంటాయి. లిఫ్టు పైకి లేచినా, బస్సు బ్రేకు వేసినా తెలిసేది వాటివల్లే. వయసు మీదపడో, తలకి దెబ్బ తగిలో ఆ స్ఫటికాలు కొన్ని ఊడి గొట్టంలో పడతాయి. అప్పుడు తల వాల్చామంటే, మా మిల్లులో గొట్టంలో నూకలు జారినట్టు అవి జారి ద్రవాన్ని కదిలిస్తాయి. తల ఆగినా ద్రవం కదులుతూనే ఉంటుంది కాబట్టి చెవి "తల తిరుగుతోంది" అని చీటీ రాసి పంపుతుంది.

ఆ చీటీ అందగానే మెదడు కళ్ళని ఎదురు దిక్కుకి తిప్పుతుంది. ఎందుకంటే దాని రోజువారీ పనే అది. ఇప్పుడే చేసి చూడండి. ఈ అక్షరాలు చదువుతూ, కాదు అన్నట్టు తల అటూ ఇటూ వేగంగా ఊపండి. చదవగలరు. ఈసారి తల కదపకుండా ఫోనుని అదే వేగంతో ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. మొదటిసారి చెవి చెప్పిన లెక్క ప్రకారం కళ్ళు సెకనులో వందో వంతు కాలంలోనే ఎదురు తిరిగి బొమ్మని నిలబెట్టాయి. రెండోసారి చెవికి చెప్పడానికేమీ లేదు, చూపు ఒక్కటే ఆధారం. చూపు చాలా నిదానం.

అందుకే మోసం అంటే నేను ఒప్పుకోను. నా మెదడు ఆ రోజు లెక్క తప్పు వేయలేదు, అందిన వోచరే దొంగది. కళ్ళు, కాళ్ళు, రెండో చెవి అన్నీ ఏమీ కదల్లేదంటున్నా ఒక్క కుడిచెవి మాట ఎందుకు నమ్మిందని నేనూ అడిగాను. చెవి నుంచి కంటికి పోయే దారి మేనేజరు సంతకం దాకా రాదు. కిందనే, మెదడు కాండంలోనే తేలిపోతుంది. ఇది అబద్ధమని నాకు పూర్తిగా తెలిశాక కూడా గది తిరిగింది. తెలియడం వేరు, కనిపించడం వేరు.

ఈ చెవి సంగతి మొదట పట్టుకున్నవాళ్ళలో ముఖ్యుడు వియన్నాలోని రాబర్ట్ బరానీ అనే డాక్టరు. చెవులు కడిగేటప్పుడు చల్లటి నీళ్ళు పోస్తే కళ్ళు ఒక దిక్కుకి, వేడి నీళ్ళు పోస్తే ఎదురు దిక్కుకి కొట్టుకోవడం చూసి, లోపలి ద్రవం కదలడమే కారణమని తేల్చాడు. 1914కి గాను నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కబురు వచ్చేసరికి ఆయన యుద్ధఖైదీగా రష్యాలో ఉన్నాడు. చెవిలో చల్లటి చుక్కల మందు వేస్తే తల తిరిగేది కూడా ఇందుకే, మందు ఘాటుకి కాదు.

అసలు నాకు ఆశ్చర్యం గది తిరగడం గురించి కాదు. మిగతా రోజుల్లో తిరగకపోవడం గురించి. మన కళ్ళు సెకనుకి మూడు సార్ల దాకా ఒక చోటు నుంచి ఇంకో చోటికి గెంతుతుంటాయి. వీడియో తీసేవాడు కెమెరాని అలా విదిలిస్తే ఆ వీడియో ఎవరూ చూడలేరు. మనకేమో ఇల్లు నిలబడే ఉంటుంది. అద్దం ముందు నిలబడి మీ ఎడమకన్ను చూసి, తర్వాత కుడికన్ను చూడండి. కన్ను కదలడం మీకు ఎప్పటికీ కనపడదు. పక్కనున్నవాళ్ళకి మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. అదే, కంటిని తనంతట తాను తిప్పకుండా, రెప్ప మీద నుంచి ఓ మూల వేలితో మెల్లగా నొక్కండి. గది మొత్తం కదులుతుంది. కన్ను తిప్పమని మెదడే ఆర్డరు వేస్తే ఆ కదలికని లెక్కలోంచి కొట్టేస్తుంది. వేలు నెట్టినదానికి ఆర్డరు కాపీ లేదు, కాబట్టి ఆ ఖర్చు బయట ప్రపంచం ఖాతాలో పడుతుంది.

నిడదవోలు స్టేషన్లో బండి ఆగి ఉన్నప్పుడు పక్క బండి కదిలితే మన బండే కదిలిందనుకుంటాం కదా, అక్కడ చెవి నోరు మూసుకుంటుంది, కన్ను గెలుస్తుంది. మెత్తగా, ఒకే వేగంతో పోయే కదలిక చెవికి తెలియదు. శ్రీశైలం ఘాట్‌లో బస్సులో ఫోను చూస్తూ కూచుంటే కథ తిరగబడుతుంది. కళ్ళేమో స్క్రీను నిలబడే ఉందంటాయి, చెవులేమో మలుపు మీద మలుపు అంటాయి. కడుపులో తిప్పుతుంది. డ్రైవరుకి అలా అవ్వదు, ఏ మలుపు వస్తుందో అతనికి ముందే తెలుసు. నాకు అప్పట్నుంచీ ముందు సీటే కావాలి, ఇంట్లోవాళ్ళు నవ్వుకున్నా సరే.

కదలిక అనేది ఉన్నచోటుతో సంబంధం లేకుండా మెదడులో విడిగా తయారవుతుందని నమ్మలేకపోతే, 1983లో జర్మనీ పరిశోధకులు రాసిన ఓ పేషెంటు సంగతి వినండి. మెదడు వెనక భాగం రెండు వైపులా దెబ్బతిన్న ఆమెకి రంగులు తెలుస్తాయి, మనుషులు తెలుస్తారు, కదలిక మాత్రం తెలియదు. కప్పులో టీ పోస్తుంటే ధార గడ్డకట్టినట్టు కనిపించేది, ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదు. దూరంగా ఉన్న కారు ఉన్నట్టుండి మీదికొచ్చి ఉండేది. నాకు ఉన్నచోటు మారకుండా కదలిక కనిపించింది, ఆమెకి కదలిక లేకుండా చోటు మారిపోయేది.

ఇక ఈ లెక్క రాతి మీద చెక్కిందేమీ కాదు. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న రోజు నేల ఊగుతుంది, మెట్లు దగ్గరికొస్తాయి. వారంలో అంతా సర్దుకుంటుంది. అద్దాలు మారలేదు, కళ్ళు ఎంత తిప్పాలో మెదడు తిరిగి నేర్చుకుంది. 1890ల్లో అమెరికాలో జార్జ్ స్ట్రాటన్ అనే ఆయన ప్రపంచాన్ని తలకిందులు చేసే అద్దాలు పెట్టుకుని ఎనిమిది రోజులు తిరిగాడు. మొదట్లో చెయ్యి ఒకచోట చాస్తే ఇంకోచోటికి పోయేదట. చివరికొచ్చేసరికి పనులన్నీ చక్కగా చేసుకోగలిగాడు.

నా సంగతికొస్తే, డాక్టరుగారు అదే బల్ల మీద నా తలని ఎడమకి తిప్పి, ఎడమవైపుకి దొర్లించి, ఒక్కో భంగిమలో కాసేపు ఆపి, లేపి కూచోబెట్టారు. గొట్టంలోంచి నూకలు బయటికి దొర్లించడమన్నమాట. జాన్ ఎప్లీ అనే అమెరికా డాక్టరు 1992లో ప్రచురించిన పద్ధతి. తోటి డాక్టర్లు చాలాకాలం నమ్మలేదట, మందూ కత్తీ లేకుండా తల తిప్పితే జబ్బు పోవడమేంటని. నాకు రెండోసారికి పోయింది. ఏడాదిన్నర తర్వాత మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళి తిప్పించుకొచ్చాను. ఒక్క మాట: తల తిరగడంతో పాటు మాట తడబడినా, మూతి వంకర పోయినా, కాలూ చెయ్యీ పట్టు తప్పినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా ఇవేవీ ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి, అది పక్షవాతం కావచ్చు. వీడియోలు చూసి సొంతంగా మెడ తిప్పుకోకండి, ఏ చెవో, ఏ గొట్టమో ముందు తేలాలి.

మొన్న సంక్రాంతికి మనవరాలు వీధిలో పిల్లతో చేతులు పెనవేసుకుని ఒప్పులకుప్ప తిరిగింది. వదిలేయగానే అరుగు మీద చతికిలబడి, "తాతయ్యా, ఇల్లు తిరుగుతోంది" అని ఒకటే నవ్వు. నేను కళ్ళజోడు సవరించుకుని వంగి దాని కళ్ళలోకి చూశాను. గడియారం ముల్లులా టకటకా కొట్టుకుంటున్నాయి. "కదలకు, కదలకు" అంటూ మా ఆవిణ్ణి కేకేశాను. ఆవిడ వచ్చేలోపే ఆగిపోయాయి.