కౌన్సెలర్ బోర్డు చూసి ఎట్టా నమ్మేది? నెల్లూరులో నా అనుభవం

కావలి నుంచి రాసిన అన్న రెండు సంగతులు అడిగారు. ఇంటర్ అయినాక గది దాటి బయటికి రాని తమ్ముణ్ణి నెల్లూరులో కౌన్సెలర్‌కి చూపించాలంటే బోర్డు మీద డిగ్రీల్లో దేన్ని నమ్మాలనేది మొదటిది. మందు రాయకుండా ఉత్త మాటలతో వాళ్లు చేసేదేందనేది రెండోది. మాది ఇందుకూరుపేట వైపు, రొయ్యల గుంటలు. నేను పోయిన బాధ వేరే అయినా ఈ రెండు అనుమానాలూ నన్నూ పీకినవే.

కౌన్సెలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకుంటున్నారు. ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి గోడకి తగిలించినోళ్లనీ చూశా. మానసిక బాధలకి మాటలతో వైద్యం చేసే క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవాలంటే మాత్రం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్లో పేరు ఉండాలి. 1992 చట్టం కింద నడిచే కౌన్సిల్ అది. వాళ్లిచ్చే రిజిస్ట్రేషన్ నంబరునే సీఆర్ఆర్ నంబర్ అంటారు. మొహమాటపడకుండా అడగండి, అసలైనోళ్లు ఏమీ అనుకోరు. నేను చూపించుకున్న మేడమ్ తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మే సైకాలజీ, ఆ తర్వాత రెండేళ్లు ఎంఫిల్ చేశారు. ఎంఫిల్ అంటే పుస్తకం ముందేసుకుని కూర్చునేది కాదంట, ఆసుపత్రిలో పేషెంట్ల మధ్య, పైన సీనియర్లు తప్పులు పడతా ఉంటే నేర్చుకునేది. ఎమ్మే ఒక్కటే చేసి బాగా చూసేవాళ్లు లేరని కాదు. పరీక్షల టెన్షన్, ఇంట్లో గొడవలు లాంటివాటికి వాళ్ల దగ్గరికి పోవచ్చు.

కానీ నాకు గురి కుదిరింది డిగ్రీ చూసి కాదు. అంతకుముందు ఒకచోటికి పోతే, నా సంగతి సగం వినకముందే పది సిట్టింగుల ప్యాకేజీ, గ్యారంటీ అన్నారు. ఈ మేడమ్ మొదటిరోజు చెప్పింది ఇదీ: “నేను మాత్రలు రాయను, ఆ అధికారం నాకు లేదు. మీకు మందులు కావాలనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తా.” ఈసీజీ, ఎకో, థైరాయిడ్ రిపోర్టులు చూపించమన్నారు. తన చేతిలో లేనిదేందో ముందే చెప్పే మనిషి అనిపించింది నాకు.

నా బాధ ఏందంటే, రాత్రిపూట ఫోన్ మోగితే గుండె దడ, చెమటలు, చచ్చిపోతున్నానన్న భయం. అంతకుముందు సంవత్సరం రొయ్యకి వైట్ స్పాట్ అనే వైరస్ రోగం వచ్చి పంట పోయింది. కరెంటు పోయి గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలుతుంది కదా, కాపలా మనిషి ఫోన్ అంటే నాకు అదే. పొగతోటలో గుండె డాక్టరు అంతా బాగుందన్నా, నాలిక కింద పెట్టుకునే మాత్ర జేబులో లేకుండా గడప దాటేవాణ్ణి కాదు. మేడలెక్కడం మానేశా.

మేడమ్ ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. ఫోన్ మోగంగానే ఎత్తకముందు ఏమనుకున్నానో ఒక వరస, ఎత్తినాక తెలిసిన సంగతి పక్క వరస. రాస్తా పోతే, ఎడమపక్క అంతా “గుంట పోయింది”. కుడిపక్క చూస్తే మేత బస్తాలు, జనరేటర్‌కి డీజిల్, రేపు రాలేనని సెలవు చీటీ మాటలు. ఒకసారి నిజంగానే ఏరియేటర్ మోటారు కాలింది, అదీ రాశా. ధైర్యంగా ఉండు అని ఆమె ఒక్కసారి కూడా అనలా. ఆ ముక్క మా ఊళ్లో అందరూ అన్నారు, ఊరికే. దీన్ని సీబీటీ అంటారు, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అని, 1960ల్లో ఆరన్ బెక్ అనే అమెరికా సైకియాట్రిస్టు మొదలుపెట్టిన పద్ధతి.

ఇంకోరోజు రిపోర్టులన్నీ మళ్లీ చూసి, వాళ్ల బిల్డింగు మెట్లు గబగబా ఎక్కించారు, పక్కనే తనూ ఎక్కతా. పైకి పోయేసరికి గుండె దబదబా. కూర్చోబెట్టి, మాత్ర జోలికి పోకుండా, నీళ్లు కూడా తాగకుండా ఊరికే గమనించమన్నారు. కాసేపటికి అదే దిగింది. దడ పుడితే ప్రాణం పోతుందన్న నా లెక్క ఆ మెట్ల మీదే తేడా కొట్టింది. మాత్ర పారేయమని మాత్రం అనలేదు. కొన్నాళ్లకి నేనే ఇంట్లో పెట్టి వచ్చా.

మా అమ్మ ఏఎస్ పేట దర్గాకి పోదామని పట్టుబట్టింది. తిడతారేమో అనుకుంటూ మేడమ్‌కి చెప్తే, “వెళ్లి రండి, అమ్మగారికి నిమ్మళం. రాయడం మాత్రం ఆపొద్దు” అన్నారు.

నలుగురికీ తెలుస్తుందన్న భయం మీకూ ఉంటుంది, పొగతోటలో ఏ సందులో నిలబడ్డా మనూరాయన ఒకరు తగులుతారు. మీరు చెప్పింది బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది. ప్రాణానికి ముప్పనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్లకి చెప్తానని మేడమ్ మొదటిరోజే అన్నారు.

ఇక మీ తమ్ముడి సంగతి. తనలో తను మాట్లాడుకోవడం, ఎవరో ఏదో చేస్తున్నారని అనుమానం, రాత్రుళ్లు నిద్ర లేకపోవడం, చావు మాటలు, వీటిలో ఏ ఒక్కటున్నా కౌన్సెలర్ కంటే ముందు సైకియాట్రిస్టు. డబ్బులు ఇబ్బందైతే నెల్లూరు పెద్దాసుపత్రిలో అడగండి. ఈలోపు మానసిక బాధలకి సర్కారు పెట్టిన ఫోన్ లైను టెలీ మానస్ 14416 ఉంది, 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, పైసా తీసుకోరు. అతను రానని మొండికేస్తే లాక్కుపోవద్దు, ముందు మీరొక్కరే పోయి మాట్లాడండి. ఎన్నాళ్ల నుంచి గదిలో ఉన్నాడు, తిండి, నిద్ర, ఫోన్ ఎంతసేపు, అంతకుముందు ఎట్టా ఉండేవాడు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుపోండి. నా దగ్గర సిట్టింగుకి వెయ్యి తీసుకున్నారు, అక్కడికి పోయినాక గుర్తు చేసుకుంటా కూర్చుంటే టైమంతా దానికే పోతుంది.