ఫొటోగ్రఫీ నేర్చుకోవడానికి 45 వేలు కట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాను. మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. ఏడాదిగా ఫోనుతో ఫొటోలు తీస్తోంది. ఎన్ని వీడియోలు చూసినా ఒకచోటే ఆగిపోయానని బాధపడుతోంది. విజయవాడలో మూడు నెలల కోర్సుకు 45 వేలు అడుగుతున్నారు, కెమెరా మనమే కొనుక్కోవాలట. తక్కువ ఖర్చుతో బాగా నేర్చుకునే దారి ఉందా? రేపు ఉపాధికి పనికొస్తుందా? తను తీసిన ఫొటో ఒకటి పంపుతున్నాను.

జవాబు: ముందు ఆ ఫొటో సంగతి మాట్లాడుకుందాం. ఎండలో మిరపకాయల రాశి, ముందు కూర్చుని తొడిమలు తీస్తున్న ఇద్దరు ఆడవాళ్లు, వెనక టిక్కీల (మిర్చి బస్తాల) వరస. ఘాటుకు ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్న క్షణాన్ని సరిగ్గా పట్టింది మీ అమ్మాయి. ఆ చూపు ఎవరో నేర్పితే వచ్చేది కాదు. కానీ మిరపకాయల రాశి చూడండి. కాయకూ కాయకూ మధ్య గీత లేదు, కాయ మీద ముడత లేదు, ఎర్ర రంగు డబ్బా ఒలకబోసినట్టు ముద్దగా ఉంది.

మిట్టమధ్యాహ్నం ఎర్రటి వస్తువును తీస్తే చాలాసార్లు జరిగేదే ఇది. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా కొలుస్తుంది. మొత్తం మీద వెలుగు సరిగానే ఉందనిపిస్తుంది గానీ, లోపల ఎరుపు ఒక్కటే కొలత దాటి పొంగిపోతుంది. ఫోను మామూలుగా దాచే జేపెగ్ ఫైలులో అలా పొంగిన చోట వివరం పోయినట్టే, ఎడిటింగ్‌లో ఎంత తగ్గించినా తిరిగి రాదు. మందు మాత్రం సులువు. తెర మీద ఆ రాశిని వేలితో తాకి, పక్కన కనబడే వెలుగు గుర్తును కాస్త కిందికి లాగి తీయమనండి. లేదంటే పొద్దున ఏడింటికి, సరుకు ఇంకా నీడలో ఉండగా వెళ్లమనండి. యార్డులో పనిచేసే నాన్న ఉండగా ఆ అవకాశం ఇంకెవరికి దొరుకుతుంది!

మీ అమ్మాయి చూసిన వీడియోల వాళ్లెవరూ ఈ ఫొటో చూడలేదు కదా. తను ఆగిపోయింది అక్కడే. ఈ రోజుల్లో పాఠాలకు కరువు లేదు. తన ఫొటో చూసి, తప్పెక్కడుందో చెప్పే మనిషే దొరకడం లేదు. అందుకని నేర్చుకునే వనరులను వెతికేటప్పుడు ఆ మనిషిని కూడా వెతకాలి.

పాఠాల విషయానికొస్తే, ఫిజిక్స్ చదివే పిల్లకు నేను కళ్లు మూసుకుని చెప్పేది మార్క్ లెవాయ్ పాఠాలు. ఆయన స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా చేశారు, తర్వాత గూగుల్ పిక్సెల్ ఫోన్ల కెమెరా మీద పనిచేశారు. 2016లో గూగుల్‌లో చెప్పిన 18 డిజిటల్ ఫొటోగ్రఫీ పాఠాలు యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయి. లెన్సు, సెన్సారు (వెలుగును పట్టే చిప్పు), నాయిస్ (ఫొటోలో కనబడే గరుకు చుక్కలు), రంగు ఇవన్నీ ఎలా పనిచేస్తాయో మొదటి నుంచి చెబుతారు. ఇంగ్లిష్‌లో ఉంటాయి, కాస్త లెక్కలూ ఉంటాయి. బీఎస్సీ అమ్మాయికి అదేమీ అడ్డు కాదు. ఒక్కో పాఠం విన్నాక దాన్ని ఫోటోల్లో పెట్టి చూడటానికి వారం తీసుకోమనండి, వరసపెట్టి చూస్తే ఏమీ మిగలదు.

తెలుగు యూట్యూబ్ చానళ్లు పనికిరావని నేననను. ఏ బటన్ ఎక్కడుంది, లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏది ఎలా చేయాలి లాంటివి తెలుగులో వింటే వెంటనే ఎక్కుతాయి. వారం వారం కొత్త కెమెరా పెట్టె విప్పి చూపించే చానళ్లతోనే చిక్కు. అవి చూస్తే చేతికి పని రాదు, మనసుకు కోరికలు మాత్రం పెరుగుతాయి. ఎడిటింగ్‌కు డబ్బు పెట్టక్కర్లేదు. ఫోనులో స్నాప్‌సీడ్, కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్ రెండూ ఉచితమే.

ఒకసారి విజయవాడ ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లూ చూడండి. ఫిల్ము రోజుల నాటి ఫొటోగ్రఫీ పుస్తకం దొరికితే వదలొద్దు. ఫిల్ము కడిగే అధ్యాయాలు పక్కన పెట్టినా, వెలుగు గురించి, ఫ్రేములో ఏది ఉంచాలి ఏది తీసేయాలి అన్నదాని గురించి చెప్పిన మాటలకు పాతబడటమంటూ లేదు.

ఇక తప్పు చెప్పే మనిషి సంగతి. అందరూ ఉచితంగా వాడుకునే ఫొటోలను దాచే వికీమీడియా కామన్స్ అనే వెబ్‌సైటులో మేటి చిత్రాల ఎంపిక అందరి ముందే జరుగుతుంది. ఒకరు ఫొటో పెడితే మిగతావాళ్లు ఓటేస్తారు. అంచు వంగిందనో, నీడల్లో నాయిస్ ఉందనో కారణం కూడా రాస్తారు. ఆ వ్యాఖ్యలు రోజూ అరగంట చదివితే చాలు, మన ఫొటోలో లోపాలు మనకే కనబడటం మొదలవుతుంది. చాలా ఫొటోల కింద ఏ లెన్సు, ఎంత షట్టరు స్పీడు (వెలుగు ఎంతసేపు లోపలికి వచ్చిందో), ఎంత ఐఎస్ఓ (ఆ వెలుగును కెమెరా ఎంత పెంచిందో) అన్న వివరాలూ ఉంటాయి. తర్వాత తన ఫొటోలు పెట్టవచ్చు. కాకపోతే అక్కడ పెట్టిన ఫొటోను ఎవరైనా పేరు చెప్పి వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. అది తెలిసే పెట్టమనండి. దగ్గరగా గుర్తుపట్టేలా ఉన్న మనుషుల ఫొటోలైతే వాళ్లను అడగకుండా వద్దు.

ఊళ్లోనూ మనుషులున్నారు. ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినం. 1839లో అదే రోజున డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతిని ఫ్రాన్స్‌లో లోకానికి వెల్లడించారు. ఆ రోజు మన ఫొటోగ్రాఫర్ల సంఘాలు ఏదో ఒక కార్యక్రమం పెడుతుంటాయి. మీరూ తోడు వెళ్లి నలుగురితో పరిచయం చేసుకోండి. వాళ్లలో ఒక్కరు నెలకోసారి పది ఫొటోలు చూసి మొహమాటం లేకుండా చెప్పడానికి ఒప్పుకుంటే, ఆ 45 వేల కోర్సులో సగం అక్కడే వచ్చినట్టు.

కోర్సు వద్దని కూడా నేను చెప్పడం లేదు. కట్టేముందు రెండు మాటలు అడగండి. వారం వారం పిల్లల ఫొటోలు ఒక్కొక్కటీ చూసి మాట్లాడతారా? ఒక క్లాసులో ఊరికే కూర్చోనిస్తారా? కుదరదంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఒకప్పుడు నేనూ ముచ్చటపడి ఒకచోట రెండు రోజుల వర్క్‌షాపుకు డబ్బు కట్టాను. ఒక అమ్మాయిని అలంకరించి నిలబెట్టారు, చుట్టూ ముప్పై మందిమి. లైటు వాళ్లే పెట్టారు, సెట్టింగులు వాళ్లే బోర్డు మీద రాశారు. సాయంత్రానికి ముప్పై మందికీ ఒకే ఫొటో వచ్చింది. నాది కొంచెం వంకరగా వచ్చింది, అంతే తేడా.

ఉపాధి గురించి అడిగారు. డిగ్రీ మాత్రం ఆపొద్దు. ఇంటర్ తర్వాతే అడిగి ఉంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్ఏఎఫ్ఏయూ) నాలుగేళ్ల బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ ఉందని చెప్పేవాణ్ణి. డిగ్రీ తర్వాతైతే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ గాంధీనగర్ క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో పీజీ ఉంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. అర్హతలు నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. పెళ్లిళ్ల పని అందరికీ తెలిసిందే కాబట్టి దాని గురించి చెప్పను. నాకు కనబడేది ఇంకోటి. మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లను ఎవరినైనా కదిపి చూడండి. చీర ఒక రంగు, ఫొటోలో ఇంకో రంగు, కొన్నవాళ్లు తిప్పి పంపుతున్నారని మొత్తుకుంటారు. కిటికీ పక్క వెలుగులో, తెల్ల కాగితం పెట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే వచ్చేలా చేసే రంగుల సర్దుబాటు) సరిచూసుకుని, ఉన్న రంగును ఉన్నట్టు తీయగలిగితే చదువుకుంటూనే నాలుగు డబ్బులు సంపాదించవచ్చు. మిర్చి ఎరుపును అదుపులో పెట్టడం వచ్చిన పిల్లకు చీర ఎరుపు ఒక లెక్కా?

కెమెరా మూడు నెలలు ఆగాక చూద్దాం. ఈలోపు ఫోనుతోనే రెండు చోట్లకు పంపండి. ఒకటి ఉండవల్లి గుహలు. లోపల పడుకుని ఉన్న అనంత పద్మనాభస్వామి దగ్గర వెలుతురు బాగా తక్కువ. ట్రైపాడ్ కావాలంటే పురావస్తు శాఖ అనుమతి తీసుకోవాలి కాబట్టి చేతులు స్తంభానికి ఆనించి, ఊపిరి బిగబట్టి తీయాల్సిందే. షట్టరు స్పీడు తగ్గితే ఏమవుతుందో ఏ పాఠమూ అంత బాగా చెప్పదు. రెండోది మీ ఊరి పక్కనే ఉన్న ఉప్పలపాడు. చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా ఉంటాయి. ఫోనులో చీమల్లా వస్తాయి. దాన్ని చూసి పెద్ద లెన్సు కావాలంటుందో, పక్షులొద్దు నాకు మనుషులే కావాలంటుందో, అప్పుడు ఏం కొనాలో తనకే తెలుస్తుంది.

సెకండ్‌హ్యాండ్ కొంటే లెన్సును సెల్‌ఫోను టార్చి వెలుగులో లోపలికి చూడండి. సాలెగూడులాంటి సన్నని పోగులు కనబడితే అది బూజు, తీసుకోవద్దు. మన కృష్ణా గట్టు గాలిలో తేమ ఎక్కువ. వానాకాలమంతా సంచిలోనే వదిలేస్తే కొత్త లెన్సుకైనా పడుతుంది. ఇంట్లో మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, తేమను పీల్చే సిలికా జెల్ సంచులు రెండు వేసి అందులో పెట్టించండి.