తాళం తిప్పితేనే వచ్చే కరెంటు: లారీ వైరింగుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది పది చక్రాల లారీ. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల నుంచి గువ్వలచెరువు ఘాటు మీదుగా బెంగళూరుకు లోడు తోలుతుంటాం. ఘాటులో ఏదైనా జరిగితే సాక్ష్యంగా ఉంటుందని ముందు అద్దానికి కెమెరా పెట్టించాం. బిగించిన మెకానిక్ దాని వైర్లను నేరుగా బ్యాటరీకే కలిపాడు. లోడింగు కోసం మూడు రోజులు వరుసలో ఆగిన తర్వాత సెల్ఫు తిరగలేదు. పక్క లారీ బ్యాటరీల నుంచి వైర్లు వేసి స్టార్టు చేసుకోవలసి వచ్చింది. తాళంతో పాటే కెమెరా కూడా ఆగిపోవాలంటే కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి?
– ఒక లారీ యజమాని, ఎర్రగుంట్ల, కడప జిల్లా

జవాబు: కెమెరా 24 వోల్టుల మీద పావు ఆంపియరు తీసుకుంటుందనుకున్నా, మూడు రోజులకు 18 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి. మంచి బ్యాటరీలు దీన్ని తట్టుకుంటాయి. ఎండలకు సగం సత్తువ పోయిన బ్యాటరీలైతే, పైగా డ్రైవరు రాత్రంతా ఫ్యాను వేసుకుని పడుకుంటే, సెల్ఫు మోటారు ఒక్కసారిగా లాగే వందల ఆంపియర్లను ఇవ్వలేవు. వైరును బ్యాటరీ టెర్మినలుకే బిగించారు కాబట్టి, మీ లారీకి బ్యాటరీ కటాఫ్ స్విచ్చు ఉన్నా దాన్ని ఆపినందువల్ల కెమెరా ఆగదు.

మీకు కావలసిన కరెంటు క్యాబిన్‌లోని ఫ్యూజు బాక్సులోనే ఉంది. అది ఏ ఫ్యూజులో ఉందో రంగు చూసి, పక్క లారీని చూసి, మూత మీది బొమ్మను చూసి నిర్ణయించవద్దు. ఒకే కంపెనీ లారీలలో కూడా మోడలు మారితే ఫ్యూజుల చోటు మారుతుంది, పైగా చేతులు మారిన బండిలో లోపలి వైరింగు ఎవరెవరు మార్చారో తెలియదు. పరీక్షించి కనిపెట్టడం ఒక్కటే నమ్మదగిన దారి, దానికి అరగంట కంటే ఎక్కువ పట్టదు.

మల్టీమీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల వైరు కొసను రంగు లేని ఛాసిస్ ఇనుముకు గట్టిగా ఆనించండి. ముందుగా ఎర్ర కొసను బ్యాటరీ పాజిటివ్‌కు తాకించి, 24 వోల్టులకు పైగా చూపిస్తోందో లేదో చూడండి. ఇక్కడే చూపించకపోతే మీ ఎర్తు, అంటే నల్ల కొసను ఛాసిస్‌కు ఆనించిన చోటు, సరిగా లేదని అర్థం, ఆ ఎర్తుతో చేసిన పరీక్ష అంతా తప్పుదారి పట్టిస్తుంది. తర్వాత క్యాబిన్‌లోని స్విచ్చులన్నీ ఆపి, తాళం చెవి బయటికి తీసి, ప్రతి ఫ్యూజు తల మీద కనిపించే రెండు చిన్న లోహపు చుక్కలను ఒక్కొక్కటిగా తాకి చూడండి. ఇప్పుడే కరెంటు చూపించేవి ఎప్పుడూ బతికి ఉండే ఫ్యూజులు. హజార్డు లైట్లు, గడియారం, క్యాబిన్ దీపం వంటివి సాధారణంగా వీటి మీదే నడుస్తాయి. అవి మీకు పనికిరావు. తాళాన్ని ఆన్‌కు తిప్పి మళ్లీ అన్నింటినీ తాకినప్పుడు కొత్తగా కరెంటు వచ్చిన ఫ్యూజులే మీరు వెతుకుతున్నవి.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఆగకూడదు. తాళం మళ్లీ ఆపి అయిదు నిమిషాలు ఉండి చూడండి. కొత్త లారీలలో ఇంజను కంప్యూటరు తన పని ముగించుకునే దాకా కొన్ని ఫ్యూజులకు కరెంటును పట్టి ఉంచుతుంది, అలాంటివి ఆలస్యంగా ఆరిపోతాయి. ఆ ఫ్యూజులను వదిలేయండి. ఇంజను కంప్యూటరు, బ్రేకుల ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు ఉంటే దాని ఫ్యూజు, వీటి జోలికి ఏ పరిస్థితిలోనూ వెళ్లవద్దు. ఘాటు దిగేటప్పుడు బ్రేకుల కంప్యూటరు కరెంటుకు అంతరాయం రావడం కంటే కెమెరా లేకపోవడమే నయం. వైపరు మోటారు, హారను, క్యాబిన్ బ్లోయరు వంటి వాటిలో ఒకదాని ఫ్యూజు తాళంతో వచ్చి తాళంతో పోతుంటే దాన్ని ఎంచుకోండి.

తాళానికి ఆఫ్‌కూ ఆన్‌కూ నడుమ యాక్సెసరీ స్థానం ఉన్న బండి అయితే, ఆ స్థానంలోనే వచ్చే కరెంటు కెమెరాకు తీసుకోవడం నాకు ఇష్టం ఉండదు. డ్రైవరు బండి ఆపి పాటలు వింటున్నంతసేపూ కెమెరా నడుస్తుంది. సెల్ఫు కొట్టే క్షణంలో ఆ వరుసకు కరెంటు తెగుతుంది కాబట్టి కెమెరా ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆన్ స్థానంలో వచ్చే కరెంటే మేలు. ఒక్క జాగ్రత్త: ఇంజనును కేబులు లాగి ఆపే పాత లారీ అయితే, ఇంజను ఆగినా తాళం ఆన్‌లోనే ఉండిపోవచ్చు. ఛార్జింగు దీపం ఎర్రగా వెలుగుతుంటే తాళం తీయాలని డ్రైవరుకూ క్లీనరుకూ చెప్పి ఉంచండి.

ఫ్యూజు దొరికాక, దాని వైరును కోసి చుట్టి టేపు వేయవద్దు. వేసవిలో పార్కు చేసిన క్యాబిన్‌లో టేపు జిగురు కరిగి జారిపోతుంది, దానికి సిమెంటు దుమ్ము కూడా అంటుకుంటుంది. విడిభాగాల షాపులో ఫ్యూజు ట్యాప్ అని దొరుకుతుంది. దానిలో పాత ఫ్యూజుకు ఒక గూడు, మీ కెమెరాకు ఇంకొక గూడు ఉంటాయి. పాత ఫ్యూజును తీసి మీటరుతో చూస్తే రెండు గాడులలో ఒకదానిలోనే కరెంటు ఉంటుంది. ట్యాప్‌లో రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉన్న కాలు ఆ గాడిలోకే దిగాలి. తిరగేసి పెడితే కెమెరా కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే పోతుంది. కెమెరాకు 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. కెమెరా అడాప్టరు మీద 12 నుంచి 24 వోల్టుల దాకా అని రాసి ఉందో లేదో చూసుకోండి, 12 అని మాత్రమే ఉంటే పెట్టకండి. ఎర్తు వైరు కొసకు లగ్గు (లోహపు రింగు) కొట్టి, రంగు గీకిన బోల్టు కింద బిగించండి.

బండికి ఇంకా వారంటీ ఉంటే ముందుగా డీలరు వర్క్‌షాపులో అడగండి. అదనపు సామానుకు కంపెనీ వాళ్లే ఒక కనెక్టరు వదిలి ఉంటే ఈ వెతుకులాట అవసరమే రాదు.

ప్రశ్న: నా లారీ 24 వోల్టులది, పాటల సెట్టు 12 వోల్టులది. రెండు బ్యాటరీలలో ఒకదాని నుంచే వైరు లాగి, తాళంతో ఆగేలా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంచే స్విచ్చు) పెడతానని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. పెట్టించవచ్చా?
– ఒక డ్రైవరు, కర్నూలు

జవాబు: వద్దు. రిలే ఉన్నా తప్పు తప్పే. రెండు బ్యాటరీలు వరుసగా కలిసి ఉంటాయి, ఆల్టర్నేటరు (ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీలను ఛార్జి చేసేది) నుంచి రెండింటికీ ఒకే కరెంటు పోతుంది. పాటల సెట్టు మాత్రం ఒక్క బ్యాటరీనే తాగుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ బ్యాటరీ ఎప్పుడూ ఆకలిగానే ఉంటుంది, రెండోది మితిమీరి ఛార్జయి నీళ్లు ఆవిరి చేసుకుంటుంది. చివరికి జత మొత్తం మార్చుకోవలసి వస్తుంది. 24 నుంచి 12కు దించే కన్వర్టరు కొనండి. సెట్టు 10 ఆంపియర్లు తీసుకునేదైతే 15 ఆంపియర్ల కన్వర్టరు పెట్టి, దాని 24 వోల్టుల వైపునే తాళం కరెంటుతో పనిచేసే రిలే మీద నడపండి. అప్పుడు తాళం తీసినప్పుడు కన్వర్టరు కూడా పూర్తిగా ఆగుతుంది.

ప్రశ్న: మా పికప్‌లో తెల్లవారుజామున కక్కలపల్లి మార్కెట్టుకు టమాటా వేసుకెళ్తాం. 55 వాట్ల ఫాగ్ ల్యాంపులు రెండు కొన్నాను. వాటికి కూడా ఫ్యూజు ట్యాప్ పెట్టి తాళం కరెంటు తీసుకోవచ్చా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: తాళం కరెంటు తీసుకోండి, కానీ దీపాలను దాని మీద నడపకండి. 12 వోల్టుల మీద 110 వాట్లంటే 9 ఆంపియర్లకు పైనే. అంత బరువును ఇగ్నిషన్ స్విచ్చు మీద అదనంగా వేస్తే స్విచ్చులోని కాంటాక్టులు కాలతాయి. ఇక్కడ 12 వోల్టుల రిలే పెట్టాలి. బ్యాటరీ పాజిటివ్ నుంచి మందపాటి వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30వ నంబరు కాలుకు. 87వ నంబరు నుంచి దీపాలకు. 85 ఎర్తుకు, 86 తాళం కరెంటుకు. తాళం కరెంటుకూ 86కూ మధ్య డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న స్విచ్చు పెడితే, తాళం ఆన్‌లో ఉండి, మీరు స్విచ్చు నొక్కినప్పుడే దీపాలు వెలుగుతాయి. ఆ చిన్న వైరులో పోయేది రిలే చుట్టకు కావలసిన ఆంపియరులో చిన్న భాగమే కాబట్టి, దానికి ఫ్యూజు ట్యాప్ చక్కగా సరిపోతుంది. లోపల డయోడు (కరెంటును ఒక వైపుకే పోనిచ్చే భాగం) ఉన్న రిలే కొంటే 85, 86లను తారుమారు చేయకండి, చేస్తే డయోడు షార్టయి ట్యాప్‌లోని ఫ్యూజు పోతుంది.