కంటి దగ్గర సర్పి: అతిమధురం వాడవచ్చా?

ప్రశ్న: నా వయసు 58. ఐదు రోజుల కిందట ఎడమ కనుబొమ్మ పైన మంటతో నీటిపొక్కులు లేచాయి. చూసినవాళ్లు సర్పి అన్నారు. ఇప్పుడు ముక్కు కొన మీద కూడా ఒకటి వచ్చింది, కన్ను కొంచెం ఎర్రబడింది. అతిమధురంలోని గ్లిసరైజిన్ హెర్పిస్ వైరస్‌ను నశింపజేస్తుందని పరిశోధనలో తేలినట్లు చదివి, రోజూ రెండు చెంచాల పొడి పాలలో కలిపి తాగుతున్నాను. బీపీకి క్లోర్‌థాలిడోన్ కలిసిన మాత్ర వాడుతున్నాను. పొడి మోతాదు పెంచవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మోతాదు సంగతి తర్వాత. మీరు ఈ రోజే కంటి డాక్టరును కలవండి. ముక్కు కొనకూ కంటి లోపలి భాగాలకూ వెళ్లేది ఒకే నరపు కొమ్మ కాబట్టి, ముక్కు కొన మీద పొక్కు లేచిందంటే వైరస్ కంటికీ చేరి ఉండవచ్చని మేము అనుమానిస్తాం. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) దెబ్బతింటే చూపు తగ్గే ప్రమాదం ఉంది. వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ వంటి మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితేనే మంచి ఫలితం ఉంటుంది. ఆ గడువును మీరు పాలు, పొడితో గడిపేశారు. అయినా కొత్త పొక్కులు లేస్తున్నప్పుడు, కన్ను ఎర్రబడినప్పుడు ఆలస్యంగానైనా ఇవ్వవలసి రావచ్చు; ఎంత ఇవ్వాలన్నది కిడ్నీల పనితీరు చూసి డాక్టరే నిర్ణయించాలి.

మీరు చదివింది అబద్ధం కాదు. గ్లిసరైజిక్ ఆమ్లం (గ్లిసరైజిన్‌కే మరో పేరు) హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌ను నిర్వీర్యం చేస్తుందని ఇటలీ శాస్త్రవేత్తలు 1979లోనే ప్రకటించారు. కానీ అది ప్రయోగశాలలో పెంచిన కణాల మీద చూసిన ఫలితం, పైగా ఆ వైరస్ పెదవుల మీద పొక్కులు తెచ్చేది. మీకు వచ్చింది అదే కుటుంబానికి చెందిన ఆటలమ్మ వైరస్. నోటితో తీసుకున్న గ్లిసరైజిన్‌ను పేగుల్లోని బ్యాక్టీరియా వేరే పదార్థంగా మార్చేస్తుంది కాబట్టి, అది ఉన్నదున్నట్లుగా రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

అలా మారిన పదార్థమే మీ విషయంలో నన్ను కలవరపెడుతోంది. కార్టిసాల్ అనే హార్మోన్‌ను అదుపులో ఉంచే ఒక ఎంజైమును అది కిడ్నీల్లో అడ్డుకోవడం వల్ల ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది. క్లోర్‌థాలిడోన్ కూడా పొటాషియాన్ని తగ్గించేదే. రెండూ కలిస్తే కండరాల నీరసం, గుండె లయ తప్పడం వంటివి రావచ్చు. పొడి ఆపేయండి, బీపీ మాత్ర మాత్రం సొంతంగా మానకండి; బీపీ, పొటాషియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోండి.

మందుల షాపులో అడిగి ఎర్రకన్నుకు చుక్కలు తెచ్చుకోవద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, పరీక్ష చేయకుండా వేసినందువల్ల కొన్ని రకాల హెర్పిస్ పుండ్లు వేగంగా ముదురుతాయి. పేరు తెలియని చుక్కల సీసాతో, చూపు మసకబారాక వచ్చేవారిని మేము తరచూ చూస్తుంటాం.

పొక్కులన్నీ పెచ్చు కట్టే వరకు, ఆటలమ్మ రాని గర్భిణులకు, పసిపిల్లలకు దూరంగా ఉండండి.