అవెంజర్ 220కి వెడల్పు వెనుక టైరు: కొనేముందు కొలవండి

పర్లాకిమిడి మిత్రులకు నమస్కారం. మీ బజాజ్ అవెంజర్ 220 బైకుకి ఉన్న 130/90-15 వెనుక టైరు తీసి, అదే రిమ్ముకు 140/90-15 వేస్తే ఎక్కడైనా రాసుకుంటుందా అని అడిగారు. టైరు సైజులో మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, కాబట్టి వెడల్పు ఒక్కో పక్కకు 5 మిల్లీమీటర్ల చొప్పునే పెరుగుతుంది. కానీ 90 అనేది వెడల్పులో టైరు పక్క గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది కాబట్టి, ఆ ఎత్తు 117 నుంచి 126 మిల్లీమీటర్లకు చేరి, చక్రం మొత్తం వ్యాసం 18 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చాలామంది మరిచేది ఇదే. దీనివల్ల మడ్‌గార్డు కింద ఖాళీ తగ్గడమే కాక, గేరు సుమారు 3 శాతం బరువెక్కి, ఒడిశాలోని తప్తపాణి ఘాట్ వంటి ఎక్కుడులో ఇద్దరు కూర్చున్నప్పుడు బండి లాగుడు మందగిస్తుంది.

కనుక ముందుగా వెనుక ఇద్దరిని కూర్చోబెట్టి, షాక్ అబ్జార్బర్లు దిగిన స్థితిలో మడ్‌గార్డు దగ్గరా, చైన్ వైపూ, స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) దగ్గరా ఖాళీ కొలవండి. కొత్త టైరు పడ్డాక ఎక్కడైనా 8 మిల్లీమీటర్ల కన్నా తక్కువ మిగిలేలా ఉంటే నేనైతే ఆ పని చేయను. రిమ్ము వెడల్పు టైరు తయారీదారు చెప్పిన పరిధి కన్నా తక్కువైతే టైరు అంచులు లోపలికి నొక్కుకుపోయి నడిమి భాగం గుండ్రంగా ఉబ్బుతుంది. అప్పుడు రోడ్డుకు ఆనే భాగం ఆశించినంత పెరగదు, చూపుకు మాత్రమే లావు. పట్టు కోసమే అయితే 130/90-15లోనే మంచి రబ్బరున్న టైరు తీసుకోవడం మేలు.