సమాధానం: రెండు వారాల డీటాక్స్ చాలుతుందా?

నమస్కారమండీ. అమెరికాలోని మీ పదిహేడేళ్ల మేనల్లుడికి ఓపియాయిడ్ (హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుమందుల) వ్యసనానికి, ఆ మత్తుపై తపనను తగ్గించే బ్యుప్రెనార్ఫిన్-నాలోక్సోన్ మందును నెలల తరబడి వాడాలని వైద్యులు అంటున్నారనీ, మీ అక్కగారు మాత్రం మత్తుమందును ఒంట్లోంచి వదిలించే రెండు వారాల డీటాక్స్‌తో ముగించాలంటున్నారనీ రాశారు.

వైద్యుల మాటే సరైనదని నా అభిప్రాయం. 2008లో అక్కడ వెలువడిన ఒక పరిశోధనలో 15 నుంచి 21 ఏళ్ల వయసున్న 152 మందిని రెండు బృందాలుగా విడదీసి, ఒకదానికి 14 రోజుల డీటాక్స్, మరొకదానికి 12 వారాల పాటు ఈ మందు ఇచ్చి, అందరికీ కౌన్సెలింగ్ జరిపించగా, పన్నెండో వారానికి మొదటి బృందంలో సుమారు 21 శాతం, రెండో బృందంలో 70 శాతం మంది చికిత్సలో మిగిలారు. అయితే తొమ్మిదో వారం నుంచి మోతాదు తగ్గించడంతో రెండో బృందంలోనూ మత్తుమందు వాడకం మళ్లీ పెరిగింది. తొందరపడకూడదనడానికి నాకు బలంగా కనిపించే ఆధారం ఇదే.

మానేశాక పాత మోతాదును తట్టుకునే శక్తి శరీరానికి తగ్గిపోతుంది కనుక, మళ్లీ వాడితే ప్రాణాపాయం. అక్కడ 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతున్న నాలోక్సోన్ ముక్కు స్ప్రేను (ఓపియాయిడ్ మోతాదు మించినప్పుడు దాని ప్రభావాన్ని తిప్పికొట్టే మందు) ఇంట్లో ఉంచమనండి.